నలభై రెండులోంచి పదిహేడు

డులూత్ నుంచి డెబ్భై మైళ్ళు.
ఫిబ్రవరి. దారి పొడవునా ఉప్పు చల్లిన తెలుపు.
పక్క సీట్లో నా అట్ట, దానిమీద ఇరవై రెండు గళ్ళ కాగితం.
ఒక్కో గడిలో ఒకటి నుంచి నాలుగు దాకా మార్కు వేస్తే
ఒక మనిషి టీచరవుతుందో లేదో తేలిపోతుంది.
ముప్పై ఏళ్ళలో కాగితం రంగు మారింది, గళ్ళు పెరిగాయి,
నాకిది నాలుగో కారు.

వీడా ప్రెబిచ్. ఇరవై రెండేళ్ళు.
లెక్కల అర్హత పరీక్ష రెండుసార్లు పోయింది,
మూడోసారి గట్టెక్కింది.
కిందటి ఆగస్టులో షరీఫ్ ఆఫీసుకెళ్ళి
పదివేళ్ళూ గాజుపలక మీద ఆనించి వచ్చింది,
పిల్లల మధ్యకి పంపదగిన మనిషేనని
ఎక్కడో ఒక కంప్యూటరు ఒప్పుకోవడానికి.
"నా వేళ్ళకి గీతలే సరిగ్గా లేవుట,
మళ్ళీ మళ్ళీ తీశారు" అంది నవ్వుతూ.
రాత్రిళ్ళు బేకరీలో పెనాలు తోముతుంది. గీతలెక్కడుంటాయి.

రెండో తరగతి.
తలుపు దగ్గర పంతొమ్మిది జతల మంచు బూట్లు
నీళ్ళు కారుస్తున్నాయి.
నేను వెనకాల, పిల్లల కుర్చీలో,
మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా.
బోర్డు మీద నలభై రెండు. దాని కింద పదిహేడు.

"రెండులోంచి ఏడు పోదు కదా.
అందుకని పక్కింటికెళ్ళి పది అప్పు తెచ్చుకుంటాం."

నా పెన్ను కదిలింది.
అప్పు అనకండి, విడదీయడం అనండి అని
అక్టోబరులో ఒక గురువారమంతా చెప్పింది నేనే.
పద్దెనిమిది మందీ రాసుకున్నారు,
ఈమె రెండు రంగుల్లో రాసుకుంది.
భయం వేసినప్పుడు మాత్రం
మొన్న నేర్చుకున్న మాట రాదు,
మన రెండో తరగతి టీచరు మాటే నోట్లోంచి వస్తుంది.

కిటికీ పక్క నుంచి ఒక చెయ్యి లేచింది.
వేలన్. వాళ్ళ నాన్న ఇనుప గనిలో పనిచేసేవాడు,
నవంబరులో గని ఆపేశారు.
"మరి తిరిగి ఎప్పుడిస్తాం?"

ఎవరూ నవ్వలేదు.
ఆ ఊళ్ళో ఏడేళ్ళ వాళ్ళకి కూడా అది నవ్వే ప్రశ్న కాదు.

ప్రశ్న వేశాక మూడు సెకన్లు ఆగమంటుంది పుస్తకం.
పిల్లవాడు అడిగితే టీచరు ఎంతసేపు ఆగొచ్చో
ఏ పేజీలోనూ చూడలేదు.
గోడ గడియారం లెక్కపెట్టాను. పదకొండు.
వీడా మెడ ఎర్రబడింది.
మార్కరుకి మూత పెట్టింది, తీసింది.
ఆమెకీ ఉంది అప్పు, నాలుగేళ్ళ చదువుది.
మేలో పట్టా, శీతాకాలం రాకముందే మొదటి వాయిదా.

అప్పుడు వెళ్ళి తన కోటు జేబు వెతికింది.
పాఠం మధ్యలో కోటు దగ్గరికెళ్ళడానికి
నా కాగితంలో గడి లేదు.
నలిగిన పది డాలర్ల నోటు తెచ్చి వాడి బల్ల మీద పెట్టింది.
"ఇదెవరిది?"
"మీది."
"చిల్లర మారిస్తే?"
వాడు నోటు తిరగేసి చూశాడు. "అప్పుడూ మీదే."
"ఆ నలభై కూడా మనదే వేలన్.
అందులో ఒక పది విప్పి చిల్లర చేసుకున్నాం.
నేనే తప్పు మాట వాడాను."
"అయితే ఎవరికీ ఇవ్వక్కర్లేదా?"
"ఎవ్వరికీ."

పెదాలు కదుపుతూ, వేళ్ళు చాలక
ముందు బెంచీ పిల్ల వేళ్ళు రెండు కలుపుకుని
లెక్కపెట్టాడు.
"ఇరవై అయిదు!" అన్నాడు, హాలు దాకా వినపడేలా.

ఆ తర్వాత పాఠం సగం పాడైంది.
ఒకడికి ముక్కులోంచి రక్తం కారింది,
లెక్కల కడ్డీల డబ్బా బోర్లాపడింది,
ముగింపు చెప్పకుండానే గంట కొట్టేశారు.
సమయపాలన: రెండు.
బోర్డు మీద వరసలు కుడివైపుకి జారిపోతున్నాయి.
పదజాలం గడి దగ్గర ఆగాను.
నాలుగు వేశాను, కొట్టేశాను, మూడు వేశాను,
పక్కన రాయబోతే చోటు చాలక
కాగితం వెనక్కి తిప్పాను.

తిరుగు దారిలో పెట్రోలు బంకు.
కాఫీకి పది నోటు ఇస్తే
కుర్రాడు చిల్లర లెక్కపెట్టి అరచేతిలో పోశాడు.
కారెక్కి చాలాసేపు తాళం తిప్పలేదు.
గురువారం క్లాసుకి రెండో పేజీ మార్చాలి.
ఏం రాయాలో ఇంకా తేలలేదు.
నాణేలు మాత్రం చేతిలో వెచ్చబడ్డాయి.