పంతొమ్మిది మిట్టలు

పుదుపేటలో మా నాయన అంగడి ముందు
విప్పేసిన బళ్ల ఎముకలు.
వాటి వెనక, గోనెపట్టా చాటున,
ఎవరో పిస్టన్ బాకీ కింద వదిలేసిన టీవీ,
బర్మా బజారు నుంచి వచ్చిన ఆట పెట్టె.
అరవై నాలుగు ఆటలని అట్ట మీద రాసుంది.
తిప్పి తిప్పి చూస్తే పదకొండు.
మేం ఆడింది ఒక్కటే:
మట్టి బాట మీద మోటారు సైకిలు.

మొదటిది ఒంటరి ఆట. నువ్వూ, గడియారమూ.
రెండోది మందలో ఆట.
నీ వెనకచక్రానికి ఎవడి ముందుచక్రం తగిలినా వాడు పడతాడు,
వాడి వెనకచక్రానికి నీది తగిలితే నువ్వు.
మా తమ్ముడు పెంచలయ్య ఈ న్యాయాన్ని
అన్నం దగ్గర కూడా అమలు చేసేవాడు.

ఎర్ర గుండీ నొక్కితే బండి ఉరుకుతుంది,
కింద వేడి గీత పాకుతుంది.
అది నిండిందా, బండి పక్కకి ఒరిగి
ఎవరితోనో అలిగినట్టు నిలబడుతుంది.
నాయన కిరసనాయిల్లో కాలిన పిస్టన్ కడుగుతూ
తెర వైపు చూడకుండానే అనేవాడు:
"అది కేకేస్తా ఉంటే వినపళ్ళేదా నీకు?"
ఆ టీవీకి స్పీకరు ఎప్పుడో పోయింది.

మూడోది కట్టే ఆట.
బాట మనమే వేసుకోవచ్చు.
బురద కలుపుకుని పంతొమ్మిది రకాల మిట్టలు.
వేశాక, దాచుకోమని ఒక గుండీ.
నొక్కితే కాసేపు ఆగమంటుంది. ఆగేవాళ్లం.
ఏమీ దాచదు.
రెండింటికి కరెంటు పోతే
మా బాటంతా తెర నడుమ ఒక తెల్ల చుక్కయి
చుక్క కూడా పోయేది.

అందుకని నోటుబుక్కు. మిట్టకో అక్షరం.
ఇంగ్లీషులో రాస్తే పక్క సందు సెల్వకుమార్ చదివేస్తాడు.
తమిళంలో రాస్తే వాడి చెల్లెలు కూడా చదువుతుంది,
పైగా తమిళ హల్లులు పద్దెనిమిదే.
ఒక మిట్ట మిగిలిపోతుంది.

అమ్మ గూడూరులో ఐదు దాకా చదివింది.
మాకు తెలుగు నోట్లో ఉందిగానీ చేతిలో లేదు.
గిన్నెలు తోమిన తడి వేలితో
గచ్చు మీద క రాసింది, ఖ రాసింది.
ఆరేలోగా మేం పెన్సిలుతో అందుకోవాలి.
"ఒక్క క-కి ఇన్ని రకాలెందుకు?" అన్నాడు పెంచలయ్య.
"ఒక్క మిట్టకి మీకెందుకురా?" అంది.

క చిన్న గుట్ట.
గ, పక్కపక్కన రెండు.
చ బురద.
ఢ అన్నిటికన్నా ఎత్తు, దానికి ముందే గుండీ వదలాలి.
ధ దగ్గర పంతొమ్మిది అయ్యాయి.
చాలన్నాం.
అమ్మ వేలు ఎత్తి కాసేపు అలాగే ఉంది.
"ఇంకా ఉండాయి" అంది.

మా మొదటి బాట: క క చ గ ట ఢ చ త.
అమ్మ దాన్ని మాటలా చదవబోయి
నవ్వలేక గోడకి ఆనుకుంది.
నాయన అది మందుల చీటీ అనుకున్నాడు.

సెల్వకుమార్ ఒకసారి పుస్తకం ఎత్తుకుపోయాడు.
మూడో రోజు తనే తెచ్చిచ్చి, తల గోక్కుని,
చదవడం నేర్పమన్నాడు.
ఢ మాకన్నా గుండ్రంగా రాసేవాడు, దొంగ.

ఆట పెట్టెని నాయనే తూకానికి వేశాడు.
మిగతా అక్షరాలు నేను తర్వాత, ఒక్కదాన్నే,
మాధవరంలో ఆగే నెల్లూరు బస్సుల నొసళ్ల మీద నేర్చుకున్నాను.
ఇప్పుడు పుస్తకాలు చదువుతాను. మెల్లగానే.

ఎక్కడైనా గాఢనిద్ర అని వస్తే
గా మీద రెండుసార్లు ఎగుడుదిగుడై,
గుండీ వదిలి,
ఢ మీద మణికట్లు నాకు తెలీకుండానే లేస్తాయి.
కాసేపు నేల ఉండదు.
న-లో మిట్ట లేదు.
అక్కడ దిగుతాను.