లెక్కలో ఒకటి తక్కువ

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు.
ఇకోట్ ఎక్పెనే సంతకి ఎడంపక్క, రేకుల షెడ్డులో
ఒక బల్ల, రెండు సిరాబుడ్లు, నేను.
ఊళ్ళకి ఊళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చేవి.
బుట్టల్లో ఒక్పోహో,
మూతులు కలవని ఇత్తడి కడియాలు.
మా తాతల తాతలు
ఎర్రటి పామాయిలునీ, మనుషుల్నీ
తేడా లేకుండా కొలిచిన డబ్బు.

మార్చి ఆఖరుకల్లా ఇది డబ్బు కాదని చాటింపు వేశారు.
నాలుగు కడియాలకి ఒక షిల్లింగు.
ఆచారాల కోసం రెండొందలు ఉంచుకోవచ్చునట.
ఎంత ఆచారం ఉండాలో కూడా
దొరే కొలిచి పెట్టాడు.

హర్మట్టన్ గాలి. పెదాలు చిట్లిన ఉదయం.
వరసలో ఎకా ఉదోసెన్.
బుట్ట దించుతుంటే ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.
పొయ్యి కింద తవ్వి తీసినట్టుంది,
కొన్నిటికి బూడిద, కొన్నిటికి వేళ్ళు,
ఒకదాని వంపులో ఎండిన నత్తగుల్ల.

రిజిస్టరు తెరిచాను.
పేరు చెప్పింది. ఊరు చెప్పింది.
ఇంట్లో ఆడవాళ్ళెందరు అన్నాను. కాలమ్ అలా ఉంది మరి.

ఆమె నోరు మూసుకుంది.
వెనకాల వరసంతా మూసుకుంది.
సంతలో ఒక కోడి అరవబోయి ఊరుకుంది.

"పంతొమ్మిదేళ్ళ కిందట ఒకడొచ్చాడు,
నీలాగే తెల్లచొక్కా, నీలాగే చెవిమీద పెన్సిలు.
ఆడవాళ్ళెందరు, మేకలెన్ని
అని ఒకే ఊపిరిలో అడిగాడు.
అప్పట్లో ఓపోబో దగ్గర ఉండేవాళ్ళం.
లేత మట్ట ఆకు చేతినుంచి చేతికి నడిచింది,
తెల్లారేసరికి పదమూడు ఊళ్ళు లేచాయి.
ముఖాలకి బొగ్గు పూసుకుని వెళ్ళాం.
పోస్టాఫీసు కంచెకి ఇవతల
మా చెల్లెలు మాయెన్, పాట మధ్యలో పడిపోయింది.
ఆ పాటలో తర్వాతి మాట
నేనింతవరకూ నోటితో అనలేదు.
అది కూడా రాసుకో."

రాయడానికి గడి లేదు.
అడిగిన గడి ఖాళీగా వదిలేశాను.

ఎనభై ఇచ్చింది. ఇరవై షిల్లింగుల నోటు చేతిలో పెట్టాను.
వాసన చూసింది. ఎండకి ఎత్తి పట్టింది.
"పాతిపెడితే?"
చెద తింటుందమ్మా.
"ఇల్లంటుకుంటే?"
ఏం చెప్పను?
నోటు మీద అచ్చేసిన పామ్ చెట్టు చూపించాను,
మన చెట్టే కదా అని.
వేలితో గీకి చూసి,
"దీనికి గెల వెయ్యదు" అంది.

చివరికి చిల్లరే పట్టుకెళ్ళింది,
సగం షిల్లింగులు, సగం
నడుమ చిల్లున్న పెన్నీలు, తాడుకి గుచ్చుకుని.
నైజరు అవతల చిల్లిగవ్వకి కూడా
ఒకప్పుడు విలువుండేదని మా మేష్టారు చెప్పేవాడు.
మేం నవ్వేవాళ్ళం.

సాయంత్రం గోనెలు లారీకెక్కాయి.
కరిగించి ఏం పోస్తారో మాకు చెప్పలేదు.
కుళాయి గొట్టాలని డ్రైవరన్నాడు,
తూటాలని క్లీనరు.
లెక్కలో ఒకటి తక్కువ తేలింది.
నా జీతంలో మూడు పెన్నీలు కోశారు.

దొంగని నేనే.
నత్తగుల్ల ఇరుక్కున్న ఆ కడియం
మంచం కింద ట్రంకుపెట్టెలో ఉంది ఇవాళ్టికీ.
మనవరాలు ఇకానా తొడుక్కుంటానంటుంది.
ఇవ్వను. ఏడుస్తుంది. అయినా ఇవ్వను.
కారణం చెప్పడానికి రెండుసార్లు కూర్చున్నాను.
మాయెన్ దాకా బాగానే చెప్తాను,
బొగ్గు ముఖాలు, ఆకు, కంచె,
కళ్ళింత చేసుకుని వింటుంది.
ఆ తర్వాత అడుగుతుంది,
అంతకు ముందు వీటితో ఏం కొనేవాళ్ళు తాతా అని.

యాములు, అంటాను. ఎండుచేపలు. గుడ్డలు.

నది ఒడ్డున ఒక మనిషికి
మా ముత్తాత ఎన్ని కడియాలు పుచ్చుకున్నాడో
ఆ అంకె మా ఇంట్లో అందరికీ తెలుసు.
ఎవరూ పైకి అనరు.
నేను రిజిస్టర్లు రాసినవాణ్ణి,
ఆ గడి కూడా అలాగే ఉంచాను.