తడి రంగు

మొదటి ప్రింటులో ఖుద్దూస్ భాయ్ చేతులు
నిన్ననే పుట్టినట్టున్నాయి.
నలభై ఏళ్ళు దుపట్టాలు ముంచి తీసిన చేతులు.
గోళ్ళ సందుల్లో ఇరుక్కుని
ఏ సబ్బుకీ లొంగని నీలం ఉండాలి కదా,
అది లేదు.

కోఠీలో మెట్లకింద ల్యాబు.
ఎల్లేశం మిషన్ మీద చెయ్యేసి, సొంత తమ్ముణ్ణి వెనకేసుకొచ్చినట్టు అన్నాడు:
"దీని తప్పేం లేదన్నా.
చర్మం ఎట్లుండాల్నో దీనికి ముందే చెప్పి పెట్టిన్రు.
నీలం కనబడితే లైటు దోషమనుకుంటది, తీసేస్తది.
పెండ్లి ఫొటోలోళ్ళైతే దండం పెడ్తరు."

చెప్పి పెట్టిందెవరో అడగలేదు.
మా పెళ్ళి ఆల్బంలో వినోదిని
ఎవరి కూతురో అన్నంత తెల్లగా ఎందుకుందో
పదకొండేళ్ళకి అర్థమైంది.
ఇంట్లో అదొక జోకు.
ఆమె ఎప్పుడైనా నవ్విందా అని
మెట్లమీద నిలబడి గుర్తు తెచ్చుకున్నాను.

కవరు మీద పెద్దక్షరాలతో రాసిచ్చాను: కరెక్షన్ వద్దు.
రెండో ప్రింటులో నీలం వచ్చింది.
చేతులు మాత్రం పెనం మీద మరిచిపోయిన రొట్టెల్లా మాడాయి.
ఈసారి తప్పు నాదే.
అర్ధరాత్రి గదిలో లైటార్పి,
మానిటర్ వెలుగు నిండా పెంచుకుని దిద్దాను.
తానే వెలిగే అద్దం మీద చూసింది
వెలగని కాగితం ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఎల్లేశం విసుక్కోకుండా ఒక పట్టీ తీసిచ్చాడు.
ఒకే బొటనవేలు, అయిదుసార్లు.
ఒకదాంట్లో పసరు, ఒకదాంట్లో జ్వరం.
ట్యూబులైటు కింద మూడోది బాగుంది.
మెట్లెక్కి ఎండలో చూస్తే నాలుగోది.
మబ్బు పట్టింది, మళ్ళీ మూడోది.
బోండాల బండి అబ్బాయి, ఎవరూ అడక్కుండానే,
రెండోదన్నాడు.

మూడోదే పెద్దది తీయించి
నయాపూల్ దాటి నడిచాను.

ఖుద్దూస్ భాయ్ పొయ్యిమీద గిన్నె పొగలు కక్కుతోంది.
ఎవరో ఇచ్చివెళ్ళిన కుర్తా ముక్క
నెమలికంఠానికీ పాలపిట్ట రెక్కకీ నడుమ ఎక్కడో ఉంది.
చిటికెడు పొడి. ఇంకో అర చిటికెడు.
తూకం లేదు, సంఖ్య లేదు, గొణుగుడు మాత్రం ఉంది.
దుపట్టా కొస ముంచి తీశాడు.
అచ్చం అదే రంగు.
"సరిపోయింది" అన్నాను, నన్నడిగినట్టు.

"గీలా రంగ్ ఝూట్ బోల్తా, మియా.
తడి రంగు మాటిస్తది.
నిలబెట్టుకుంటదో లేదో ఆరినంకనే."
కొసని మంట పక్కన పట్టుకున్నాడు.
చూస్తూండగానే పాలపిట్ట వెలిసి
ఉతికి ఉతికి పాతబడ్డ స్కూలు చొక్కా అయింది.
మళ్ళీ పొడి. మళ్ళీ మంట.

ఇన్ని రాత్రులూ నేను దిద్దింది తడి రంగునే.
మానిటర్ ఎన్నటికీ ఆరదు.

ఫొటో అందుకుని గుమ్మం దాకా వెళ్ళి,
తన నీడ దానిమీద పడకుండా పక్కకి జరిగాడు.
మనిషి ముఖం లేని ఫొటో,
అయినా ముఖం చూసుకున్నట్టే చూశాడు.
"చేతులు నావే. నీలం నాది కాదు.
నా నీలంల జర మట్టి ఉంటది."

పట్టుకున్న చోట, తెల్లటి అంచు మీద
బొటనవేలి ముద్ర తడితడిగా అచ్చైంది.
అరెరే అంటూ లుంగీతో తుడవబోయాడు.
చెయ్యి పట్టుకుని ఆపాను.
ఆరేదాకా ఊదుతూ
ఆయన పీట మీదే కూర్చున్నాను.

తిరిగొచ్చేసరికి ఎల్లేశం షట్టరు సగం దించేశాడు.
వంగి దూరి, ఆ అంచు బల్లమీద పెట్టాను.
"స్క్రీన్ చూడకు. దీన్ని చూసి తియ్."
అతను ముద్రని ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పాడు,
పెదవి విరిచాడు,
షట్టరు పైకి నెట్టాడు.
"బయటికి రా అన్నా, జల్ది.
ఎండ ఇంకో పది నిమిషాలే ఉంటది."