ఆరో పాయింటు

అరండల్‌పేటలో ఓ పాత బిల్డింగు సెల్లార్లో
మూడు గజాల కొట్టు నాది.
కీబోర్డు మీద అక్షరాలు అరిగి అయిదేళ్ళయింది,
ఏది ఎక్కడో వేళ్ళకే తెలుసు.
పెళ్ళిపత్రికలు, అద్దె అగ్రిమెంట్లు,
పెద్దకర్మ కార్డులు, ప్రతిపక్షం ప్రకటనలు.
గెలిచినవాళ్ళకి సొంత ఆఫీసుంటుంది, ఏసీ ఉంటుంది.
ఓడినవాళ్ళే మెట్లు దిగి నా దగ్గరికొస్తారు.

శరభయ్యగారు రాత్రి ఎనిమిదింటికి దిగారు
మిర్చియార్డు నుంచి తిన్నగా.
చొక్కా నిండా ఘాటు. నాలుగుసార్లు తుమ్మి,
"రాసుకో నూరమ్మా, తొమ్మిది పాయింట్లు.
పొద్దున పదింటికి ప్రెస్‌మీట్" అన్నారు.

ఒకటి, తేజ రకానికి నిరుటి ధరలో సగం లేదు.
రెండు, కోల్డ్ స్టోరేజీ ముందు 'ఖాళీ లేదు' బోర్డు,
వ్యాపారి బస్తాలకి వెనక తలుపు.
మూడు, కౌలురైతు పేరు ఏ కాగితంలోనూ ఉండదు,
చచ్చిపోయాక పంచనామాలో తప్ప.
అక్కడ నా వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి.
మా చిచ్చా పేరు కంప్యూటర్లోకెక్కింది అట్లాగే.
ఆయన చూడలేదు. నాలుగు చెప్పారు,
అయిదుకొచ్చేసరికి గొంతు సభలోలా లేచి
పైవాటా వాళ్ళు కిటికీ మూసుకున్నారు.

ఆరు, వాగు.
"పూడిక తీయరు, గట్టు కట్టరు,
ఊళ్ళు మునిగాక పడవెక్కి ఫొటో దిగుతారు..."
నేను టైపు చేయడం ఆపేశాను.
"ఏందమ్మా, కరెంటు పోయిందా?"
"లేదు సార్. ఇది నా దగ్గరుంది."

పాత ఫైలు తెరిచాను.
అదే వాగు, అదే పడవ, అదే ఫొటో.
కింద సంతకం అవతలి పార్టీ ఆయనది.
"అప్పుడు ఆ శాఖ మంత్రి మీరే సార్."

పీఏ మాలకొండయ్య దగ్గాడు.
ఆ దగ్గు మిరప ఘాటుది కాదు.

శరభయ్యగారు కళ్ళజోడు తుడిచి పెట్టుకుని
తెర మీదికి వంగి, పెదాలు కదుపుతూ చదివారు.
"దీనికి నేనేమన్నాను?"
"'రాజకీయ దురుద్దేశంతో కూడిన విమర్శ' అన్నారు.
అది మీ ఆఫీసులోనే కొట్టుకున్నారు,
నేను పేపర్లో చూశాను."

టీ వచ్చింది. ఎవరూ తాగలేదు.

"ఓ ముక్క కలుపు" అన్నారు చివరికి.
"ఈ పని మేమున్నప్పుడూ కాలేదు.
డబ్బుల్లేక కాదు,
గట్టు తవ్వి చేపల చెరువులేసింది మావాళ్ళు గనక."
"సార్, పార్టీ..." అన్నాడు మాలకొండయ్య.
"నువ్వు టైపు చెయ్యమ్మా."

చేశాను.
పద్దెనిమిదేళ్ళుగా ఈ కొట్లో కొట్టిన ప్రకటనల్లో
'మేము' ఉన్న వాక్యం 'కాలేదు'తో ముగియడం
అదే మొదలు.
నలభై కాపీలు తీశాను, వేడివేడిగా.
మెట్లెక్కుతూ ఆయన మోకాలు పట్టుకున్నారు.

పావుగంటకి మాలకొండయ్య ఒక్కడే దిగాడు.
"ఆరోదాంట్లో ఆ చివర తీసేసి మళ్ళీ కొట్టు. సారే చెప్పారు."
సారే చెప్పారో, సారుకి చెప్పకుండా వచ్చాడో
నేనడగలేదు.
రెండు నలభైలకీ డబ్బులిచ్చాడు, చిల్లరతో సహా.

పాత కాపీల్ని బజ్జీల బండి సుభానీ
కిలో లెక్కన పట్టుకెళ్ళాడు.

మర్నాడు సాయంత్రం ముసురు.
నాలుగు మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని విప్పితే
కాగితం నూనె తాగి అద్దంలా మెరుస్తోంది.
అరచేత్తో సాపుచేసి చూశాను.
ఆరో పాయింటు, చివరంటా ఉంది.
రెండోసారి చదవబోతుంటే
వీధి కాల్వ పొంగి
నీళ్ళు పై మెట్టు దిగాయి.

పొట్లం పక్కన పెట్టి
సీపీయూ ఎత్తి బల్ల మీదికి చేర్చాను.