ఎగ్జిబిట్ పి-పదిహేడు

నా పాసుపుస్తకం నా దగ్గర లేదండి.
విశాఖపట్నం సీబీఐ కోర్టు బీరువాలో ఉంది.
దానికో పేరు పెట్టారు, పి-పదిహేడు.
నాకూ పెట్టారు లెండి, పీడబ్ల్యూ-తొమ్మిదని.
సంగాడి నూకరత్నం అంటే అక్కడెవరికీ తెలీదు.

ఎండురొయ్యలమ్మి, కొంగున ముడేసి
బుధవారం బుధవారం కట్టిన డబ్బు.
మా లంకలో పోస్టాఫీసంటే
ఏడుకొండలు గారి వీధరుగే.
ఒక బల్ల, ఒక తక్కెడ, ఒక ముద్ర.
రాసేవారు. ముద్ర కొట్టేవారు
దడ్ మని.
ఆ చప్పుడుకే సగం కడుపు నిండేది.
పుస్తకంలోకెక్కిన డబ్బు
సర్కారు ఖాతాలోకి ఎక్కలేదట.
ఏరు దాటింది గానీ రేవు చేరలేదు.

ముందు ఠాణాకెళ్ళాం.
"ఇది సెంటరు సొమ్మమ్మా, పైవాళ్ళు చూడాలి" అన్నాడు ఎస్సై.
నా నోట్లకి రొయ్య వాసనే గానీ
సెంటరు వాసన ఎప్పుడూ తగల్లేదండి.

పైవాళ్ళు పంటు మీద వచ్చారు,
బూట్లు చేత్తో పట్టుకుని బురదలో దిగారు.
అందులో ఒకాయన గట్టు మీద కూర్చుని
నిదానంగా చెప్పాడు:
ఎఫ్ఐఆర్, ఆ తర్వాత చార్జిషీటు,
నౌకరీలో ఉన్నవాడు గనక
విచారించుకోండని పై ఆఫీసు రాసివ్వాలి,
ఆ కాగితం లేందే కోర్టు ముట్టుకోదు.
"దొంగని పట్టడానికి దొర సెలవా బాబూ?"
నవ్వాడు. అది మాత్రం రాసుకోలేదు.

సెలవొచ్చేసరికి రెండు వరదలొచ్చాయి.
ఒకదానికి ఆ అరుగు పోయింది.
రెండోదానికి పీడబ్ల్యూ-నాలుగు,
మా సింగారత్త, పోయింది.
ఆవిడ పుస్తకం ఇంకా సాక్ష్యం చెబుతోందట.

రాత్రి బస్సులో వెళ్ళి బోనెక్కాను.
"చదువు రాదుగా, అంకె తప్పని ఎలా తెలుసు?"
అతని వకీలు.
చదువు రాదండి, లెక్కొచ్చు.
తట్టకెన్ని గుప్పెళ్ళో, ముడికెన్ని నోట్లో.
నా మాట ఇంగ్లీషులోకి వెళ్ళి
టైపులోంచి తిరిగొచ్చేసరికి
ఉతికిన గుడ్డలా కురచైపోయింది.

ఏడుకొండలు అక్కడే నిలబడ్డాడు.
గారు అనాలో వద్దో తెలీలేదు.
మా ఆయన వేటకెళ్ళి తిరిగిరాని ఏడాది
బీమా కాగితాలన్నీ రాసిపెట్టింది ఆ చెయ్యే.
అందులో రూపాయి ముట్టలేదు.
అది చెబుదామని నోరు తెరిచాను.
"అడిగిందానికే చెప్పమ్మా" అన్నారు,
ఈసారి మా వైపు వకీలు.

నిన్న మళ్ళీ సమన్లొచ్చాయి.
కొత్త పోస్టుమాస్టరు చిన్నపిల్ల,
రిజిస్టరు నా ముందుకి తోసి
ముద్ర కొట్టింది
దడ్ మని.
కడుపులో ఏదో ఉలిక్కిపడింది.
వేలికి సిరా రాయబోతే ఆగమన్నాను.
తేదీ చదువు తల్లీ, అంకె చదువు,
ముద్రలో ఏ ఊరుందో అదీ చదువు.

మళ్ళీ చదువు.