అగ్గిపెట్టె నా జేబులోనే ఉంది

మూడు వారాలు పేర్చాం.
విరిగిన పడవ చెక్కలు, పాత కంచె కర్రలు,
ఔలిక్కి వాళ్ళ కూలిన కోళ్ళగూడు,
పైన పచ్చి బర్చ్ మండలు.
సరస్సు ఒడ్డున రెండు నిలువుల ఎత్తు.

హౌకిలంపిలో నడివేసవి పండగనాడు
పొద్దు గుంకీ గుంకనట్టుంటుంది.
రాత్రి పదకొండింటికి ఆరుబయట కూచుని
సూదిలో దారం ఎక్కించుకోవచ్చు.
అయినా మంట కావాలి మాకు.
ఎందుకంటే ఎవరూ చెప్పలేరు.
తాతలనాటి నుంచీ కావాలి, అంతే.

పొద్దున రేడియోలో చెప్పారు:
పదిహేడు రోజులుగా చినుకు లేదు,
అడవి ఎండిపోయి ఉంది,
ఆరుబయట నిప్పు పెట్టరాదు.
ఇంకోసారి చెప్పారు,
మా చెవుల మీద నమ్మకం లేనట్టు.

ఈ ఏడు ఊరి సంఘానికి అధ్యక్షురాలిని నేను.
ఆ మీటింగులో
కాఫీ పోయడానికని వంటింట్లోకి వెళ్ళాను,
తిరిగొచ్చేసరికి ఎన్నికైపోయాను.

అగ్గిపెట్టె జేబులో వేసుకుని
ఒడ్డుకి వెళ్ళి చెప్పాను: ఈసారి లేదు.

రైమో అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.
ఆ రోజు ఊళ్ళో రాజుకున్న అగ్గి అదొక్కటే.
"నీళ్ళ పక్కనే కదా టెర్హీ,
రవ్వ లేస్తే ఎక్కడికి పోతుంది?"
రవ్వకి చిరునామా ఉండదు రైమో.
"ఎవరు చూడొచ్చారు?"
పొగ కోసం పైన చిన్న విమానం తిరుగుతోంది, విను.
పైగా జీతం చూసి జరిమానా వేసే దేశం మనది.
కోత మిల్లులో నీ ఓవర్‌టైం అంతా
ఒక్క పుల్లకి పోతుంది.

అవన్నీ అన్నాను.
అనని మాట వేరే ఉంది.

నిరుడు ఇదే రాత్రి మంట బాగా మండింది.
అంతా రూలు ప్రకారమే.
నీళ్ళ బకెట్లు వరసగా, గొట్టం సిద్ధంగా.
అందరం మంట వైపే చూస్తున్నాం.
మా వీపుల వెనక, నీళ్ళ మీద,
నా తమ్ముడు ఇల్పో
ఆరు బీర్ల తర్వాత
పడవలో లేచి నిలబడ్డాడు,
ఒంటేలుకి.

లైఫ్ జాకెట్ పలక కింద మడిచి ఉంది,
ఇస్త్రీ చేసి దాచుకున్నట్టు.

మర్నాడు దొరికాడు.
ప్యాంటు జిప్పు తెరిచే ఉంది.
పోలీసామె కాగితం మీద అది రాయబోయి
నా వైపు చూసి, ఆగి,
తడి ఇసకలో మోకాళ్ళ మీద కూచుని
తనే పైకి లాగింది.
అలా చెయ్యడం చట్టానికి ఒప్పుతుందో లేదో
నేను అడగలేదు.
ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

ఈ రాత్రి సాసేజీలు
ఔలిక్కి వంటింట్లో, పెనం మీద వేగాయి.
మంట లేదు, మాడిన ముఖాలున్నాయి.
అలవాటు ప్రాణం కదా,
వెలిగించని కట్టెల చుట్టూనే
కుర్చీలు వేసుకుని కూచున్నారు.
ఎవరో చేతులు కూడా చాపారు కాచుకోడానికి,
చూసుకుని నవ్వి జేబుల్లో పెట్టుకున్నారు.

పడవల తాళాలు, కార్ల తాళాలు
ఔలిక్కి బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి.
కావాలన్నవాడికి కాదనదు,
వాదించదు, నీతులు చెప్పదు.
ఒక సూది, మూరెడు ఎర్ర దారం చేతికిస్తుంది.
"ఎక్కించు, తీసుకెళ్ళు."

పద్దెనిమిదేళ్ళ ఈటు రెండుసార్లు తప్పి
సైకిలెక్కబోయాడు.
దాని తాళమూ డబ్బాలోనే ఉంది.

పన్నెండు దాటింది. దోమలు.
రైమో ఇంకా మెట్టు మీదే ఉన్నాడు,
నాలిక బయట పెట్టి, ఒక కన్ను మూసి,
దారం కొస తడిపి, మళ్ళీ తడిపి.
సూది బెజ్జం తన మీద కక్ష కట్టిందంటున్నాడు.
తిట్లన్నీ సూదికే,
నన్ను తిట్టడం మర్చిపోయాడు.

నేను మాత్రం ఈ ఏడు
కుర్చీ తిప్పుకుని కూచున్నాను,
వీపు కట్టెల వైపు, ముఖం నీళ్ళ వైపు.
పడవలు లెక్కపెట్టాను.
పద్నాలుగు.
కాసేపాగి మళ్ళీ లెక్కపెట్టాను.