అంగుళానికి ఏడాది

బేతంచెర్లలో బండ అంటే నాపబండే.
పదమూడేండ్లు నేను కోసింది అదే.
నీళ్ళు కారుతాండే బ్లేడు కింద
రాయి పాలు కక్కేది.
పొద్దు గూకేసరికి మనిషి మనిషే కాదు,
సున్నం కొట్టిన గోడ.

ఇప్పుడు కొయ్య కోస్తాండా.

డోన్ రోడ్డు వెడల్పు చేస్తే పడిన చింతమొద్దు.
అడ్డం కొలిస్తే మూడున్నర అడుగులు.
మా రంపం నోట్లో పట్టదని
సామిల్లోళ్ళు తల అడ్డంగా ఊపితే
కర్నూలు నుంచి కాశింపీరా నా కాడికొచ్చినాడు.
"రాయినే కోసినోడివి, కొయ్యెంతప్పా నీకు?"

ఎంతో, ఆ పొద్దు నాకూ తెలీదు.

మొదటి కోతకు దారుండదు.
మొద్దుకు వంపులే గానీ వరస లేదు.
అందుకే రంగులేసే సుంకన్న నిచ్చెన అడుక్కొచ్చి
దాని వీపు మీద పరిచి
మట్టంలో బుడగ నడిమికొచ్చేదాకా
కింద చెక్కముక్కలు దోపి
ఆ నిచ్చెన మీదుగా మిషన్ని నడిపించినా.
ఎక్కడానికి చేసింది
ఆ పొద్దు పడుకోనే పని చేసింది.

తాడు మూడుసార్లు గుంజితే దగ్గింది,
నాలుగోసారికి అరిచింది.
బారు అవతలి కొస మద్దిలేటి చేతిలో.
ఒకడు తోసేటప్పుడు ఒకడు గుంజగూడదు.
మాటలు చెవికెక్కవు,
కనుబొమ్మలతోనే సంసారం.
నిమిషానికి జానెడు.
వెనకాల చీలికలో కొయ్యచీలలు కొట్టుకుంటా రావాల.
లేకుంటే చెట్టు తన గాయాన్ని తానే మూసుకోని
బారును కరిచి పట్టుకుంటాది.
రాయి అట్ల కాదు. కోసినంతే కోసినట్టు.

రెండో పలక సగంలో
కీచుమని నిప్పురవ్వ.
మిషన్ ఆపి ఉలితో తవ్వితే
లాడం మేకు.
దాని పక్కన ఇంకొకటి.
ఇంకా లోపల, అరిగిన సగం లాడం.

గొర్రెలు తోలుకోని పోతాండే కుళ్ళాయప్ప తాత నిలబడినాడు.
"తారు లేనప్పుడు ఎద్దుల్ని ఈడనే పడేసి
లాడాలు కొట్టేటోళ్ళు నాయనా.
జేబులేని బనీనోళ్ళు గదా,
మిగిలిన మేకులు చెట్టుకే కొట్టి పెట్టుకునేటోళ్ళు."
మళ్ళా ఆయన గొర్రెలు, ఆయన దుమ్ము.

ఆ జేబును చెట్టు ఎప్పుడు కుట్టేసిందో.
మేకు చుట్టూ కొయ్య
సిరా ఒలికినట్టు నల్లబడింది.

గొలుసుకు డెబ్బై పండ్లు. అన్నీ మొండి.
వేపనీడలో కూచోని
పంటికి నాలుగు రుద్దులు రుద్దినా
గుండ్రటి ఆకురాయితో.
ఆకురాయి.
ఆకునూ రాయినీ ఒకే మాటలో కట్టేసినోడు ఎవడో గానీ
నా లెక్క రెండు పనులు మారినోడే అయ్యుంటాడు.

సందేళకు పై పలక లేపినాం.
అంచులకు గోధుమ రంగు,
నడిమిన వంకాయ రంగులో చేవ.
వాన పడిన చెరువు లెక్క సుడులు సుడులు.
మద్దిలేటి చెయ్యి పెట్టి చూసి, తీసేసినాడు.
"నీకు చేవుందా రా?" అని
మా నాయన తిట్టని దినం లేదు.
చేవ కంటపడాలంటే
ఇంత నిలువునా చీలాలని
ఆయనకు తెలుసో లేదో.

"రేపే లారీ పెడతా, బెంగళూరు హోటల్లో టేబుల్లంట"
అన్నాడు కాశింపీరా.
"అంగుళానికి ఏడాది ఆరాల, మూడంగుళాల పలక" అన్నా.
వేళ్ళు మడిచి లెక్కబెట్టి
నన్ను చూసినాడు, మొద్దును చూసినాడు.
"రాయైతే తెల్లారే లారీ ఎక్కేది గదప్పా."
అవును, ఎక్కేది.

కొసలకు మైనం పూసి
పలకకూ పలకకూ నడిమిన పుల్లలు పెట్టి
ఇంటెనక రేకుల కింద పేర్చినాం.
అడ్వాన్సులో సగం వెనక్కిచ్చినా.

మా బామ్మర్ది ఎల్లప్ప ఇంకా రాతి ఫ్యాక్టరీలోనే.
పక్క గదే వానిది.
నడిరేయి గోడకిటు
పలక ఒకటి టిక్కుమంటాది.
గోడకటు వాడు దగ్గుతాడు.
కండ్లు తెరిచి పడుకోనుంటా.
ఏది ఆరుతాండాదో
ఏది పగుల్తాండాదో
తెల్లారితే గానీ చెప్పలేను.